ఆర్కిడ్ల సూపర్ బ్యాచ్

ఆర్కిడ్ అనే మొక్క మట్టి లేకుండా బతుకుతుందన్న సంగతి మా అమ్మాయి చదివే బడి ఛైర్మన్ గారికి యాభై ఎనిమిదో ఏట తెలిసింది. వేసవి సెలవుల్లో ఆయన సకుటుంబంగా అరకు వెళ్ళినప్పుడు, దిగిన హోటలు వరండాలో ఒక చెక్కముక్కకి కట్టి వేలాడదీసిన చిన్న మొక్క కనిపించిందట. కుండీ లేదు, మట్టి లేదు, వేళ్ళన్నీ గాలిలోనే ఉన్నాయి. అయినా విరగబూసింది. "ఏ వసతీ ఇవ్వకపోయినా రిజల్ట్ ఇస్తోందే!" అని ఆయన కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారట. ఆయన ఒక్కరికి తెలిసి ఊరుకుంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ గుంటూరు చుట్టుపక్కల ఆయనకి పదకొండు బ్రాంచీలున్నాయి.

జూన్‌లో బళ్ళు తెరిచిన రోజే శిఖరాగ్ర విద్యాసంస్థల సర్క్యులర్ ఇంటికొచ్చింది. "విద్యార్థి దృష్టి వసతులపై కాక లక్ష్యంపై నిలుచునట్లు చేయు సదుద్దేశంతో యాజమాన్యం 'ప్రతి విద్యార్థికీ ఒక ఆర్కిడ్' అను విప్లవాత్మక కార్యక్రమమును ఆరవ, ఏడవ తరగతులకు ప్రవేశపెట్టుచున్నది. ఫిబ్రవరి నెలాఖరున జరుగు వార్షికోత్సవము నాటికి ప్రతి ఆర్కిడ్ విధిగా పుష్పించవలెను. పుష్పించని ఆర్కిడ్‌కు విద్యార్థి, విద్యార్థికి తల్లి బాధ్యత వహించవలెను."

మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తన ప్రస్తావన ఎక్కడా లేదని రూఢి చేసుకుని, పేపరు తెరిచారు.

మా ప్రహర్షిత ఏడో తరగతి. దాని మొక్క అట్టపెట్టెలో వచ్చింది. జానెడు మామిడి చెక్క, దాని మీద గుప్పెడు కొబ్బరిపీచు, పీచు మీద నైలాను దారంతో కట్టిన నాలుగు సన్నటి కాడలు, కాడకి అయిదారు ఆకులు. చెక్క వెనకాల నల్లరంగుతో హాల్ టికెట్ నంబరు రాసి ఉంది. వంటింటి తూర్పు కిటికీ ఊచకి వేలాడదీశాం. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసా కడిగి హర్షి చేతికిచ్చాను. పొద్దున్నే పళ్ళయినా తోముకోకుండా కిటికీ దగ్గరికి పరిగెత్తేది. తెల్లదారాల్లాంటి వేళ్ళు నీళ్ళు పడగానే ఆకుపచ్చగా మారేవి, ఆరగానే మళ్ళీ తెల్లబడేవి. ఒకరోజు బడికి టైమవుతుంటే అరిచింది, "అమ్మా, ఇట్రా! ఇది చెక్కని పట్టుకుంది!" అని. పెసరగింజంత పచ్చటి వేరు కొస పీచు దాటుకుని వచ్చి చెక్క నెర్రెలో దూరింది. పోపు మాడినా సరేనని వెళ్ళి చూశాను. ఇద్దరం అయిదు నిమిషాలు అక్కడే నిలబడ్డాం. స్కూలువాళ్ళు చెప్పిన పనుల్లో మేమిద్దరం సంతోషంగా చేసింది అదొక్కటే. కాబట్టి అది ఎక్కువ రోజులు సాగలేదు.

జులైలో వారాంతపు పరీక్షలు మొదలయ్యాయి, మొక్కలకి. ప్రతి శనివారం మొక్కను బడికి పట్టుకెళ్ళాలి. అక్కడ ఆకులు లెక్కపెట్టి, స్కేలుతో పొడవు కొలిచి, సాయంత్రానికల్లా ర్యాంకులు తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళు. పువ్వు గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు. పువ్వు ఫైనల్ పరీక్ష. అందాకా ఆకులే.

హర్షి మొక్కకి పన్నెండో ర్యాంకు వచ్చిన శనివారం, గేటు దగ్గర కోటేశ్వరి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. వాళ్ళబ్బాయి చేతన్ మా హర్షి క్లాసే.

"ఏం పెడుతున్నావక్కా మీ మొక్కకి?"

"నీళ్ళే."

"నాకు చెప్తావా? ఉత్త నీళ్ళకే అంత పొడుగు ఆకొస్తదా?"

"నిజంగా నీళ్ళే కోటేశ్వరీ."

"ఉన్నమాట చెప్తే నీ ర్యాంకేమన్నా లాక్కుంటానా? నేను బాదంపప్పు నానేసిన నీళ్ళు పోస్తన్నా. దాచుకోకుండా చెప్తన్నా చూడు."

"మరి ఎట్టా ఉంది?"

"చీమలు పట్టినయ్" అంది కోటేశ్వరి నిరుత్సాహంగా.

ఆగస్టులో రెండో సర్క్యులర్ వచ్చింది. ఇళ్ళలో టీవీ శబ్దం, చుట్టాల రాకపోకలు, పేరంటాలు ఆర్కిడ్ ఏకాగ్రతను దెబ్బతీస్తున్నట్టు యాజమాన్యం అధ్యయనంలో తేలిందట. కనుక మొక్కలన్నీ ఇకపై క్యాంపస్‌లోనే రెసిడెన్షియల్ పద్ధతిలో పెరుగును. తల్లిదండ్రులు ప్రతి రెండో ఆదివారం వచ్చి చూసుకోవచ్చును.

పిల్లలు ఇంట్లో, మొక్కలు హాస్టల్లో. మొదటి వందమందిని, అంటే మొక్కలని, ఏసీ గదిలో సూపర్ బ్యాచ్‌గా పెట్టారు. మిగిలినవి మేడ మీద రేకుల షెడ్డులో. తెల్లవారుజామున నాలుగింటికి ట్యూబ్‌లైట్లన్నీ వేసి వాటిని లేపేవాళ్ళు. రాత్రి పదకొండుదాకా స్టడీ అవర్స్. ఆ లైట్ల కింద ఒక ట్యూటర్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కునుకు తీసిన మొక్కను ఎలా గుర్తుపట్టేవాడో నాకు తెలియదు, కానీ రిజిస్టరులో రాసేవాడు.

రెండో ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర తల్లులమంతా స్ప్రే సీసాలతో బారులు తీరాం. వాచ్‌మన్ మస్తాన్ కర్రతో గేటు మీద కొడుతున్నాడు.

"ఒక్కో మొక్కకి ఇద్దరేనమ్మా! నాయనమ్మలు, అమ్మమ్మలు బయటే ఉండాల. తినే వస్తువులు ఇచ్చేది లేదు."

మా హర్షి మొక్క ముందు నిలబడి, ఆ రోజుకి మా ఇద్దరికీ కేటాయించిన ఏడు నిమిషాలూ దాని వేళ్ళ వైపే చూసింది. బయటికొచ్చాక ఒక్క మాట అడిగింది.

"దీన్ని ఇంటికి తెచ్చేద్దామమ్మా?"

"తెచ్చేద్దాం" అన్నాను.

ఆ మాట అంటే చాలని నేననుకున్నాను. హర్షి మాత్రం నా మాట నమ్మి, వంటింటి కిటికీకి కట్టిన తీగ విప్పకుండా ఉంచింది.

అక్టోబరులో మూడో సర్క్యులర్. ఆర్కిడ్ ప్రవర్తనకూ దాని తాలూకు విద్యార్థి ప్రవర్తనకూ విడదీయరాని సంబంధం గలదని యాజమాన్యం గుర్తించినందున, ఇకపై మొక్క ఏ సెక్షనులో ఉంటే విద్యార్థి ఆ సెక్షనులోనే చదువుకొనును.

నవంబరులో చలి మొదలైంది. హర్షి మొక్క ఆకులు పసుపెక్కాయి. ఒక వారంలో ఆరు రాలాయి, మరుసటి వారం తొమ్మిది. డిసెంబరు మొదటి శనివారానికి నాలుగు ఉత్త పుల్లలు మిగిలాయి. ఆకులు సున్నా, పొడవు సున్నా. పిల్లకి లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది వచ్చిన వారమే అది. 'ఏ' సెక్షను నుంచి హర్షిని తీసి 'సీ' సెక్షనులో కూర్చోబెట్టారు.

డీన్ పూర్ణచంద్రరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గదిలో గోడంతా గ్రాఫులే. ఎరుపుగీత ఒకటి కిందికి దిగిపోయి, బల్ల వెనక్కి వెళ్ళిపోయింది. అది మాదేనన్నారు.

"మేడమ్, ఫ్రాంక్‌గా చెప్తున్నా, ఏమనుకోవద్దు. మీ ఆర్కిడ్‌కి ఫోకస్ లేదు. సెప్టెంబరు వరకు పొటెన్షియల్ చూపించింది. తరవాత డీవియేట్ అయ్యింది. ఇంట్లో ఏమైనా ప్రాబ్లమ్సా?"

"మొక్క మీ హాస్టల్లోనే ఉంది కదా సార్?"

"అదే అంటున్నా. ఇంటి మీద బెంగ పెట్టుకున్న మొక్క ఎలా చదువు... అంటే, ఎలా ఎదుగుతుంది?"

"పోనీ ఇంటికి పంపించెయ్యండి సార్. మేమే చూసుకుంటాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎన్‌రోల్ అయిన మొక్కను విద్యాసంవత్సరం మధ్యలో పంపే నిబంధన లేదు మేడమ్. ఒక మొక్కని పంపితే మిగతావాటికి మెసేజ్ ఏం వెళ్తుంది?"

ఆ సాయంత్రం హర్షి అట్టపెట్టె వెతికి తీసింది. మొక్కలు సరఫరా చేసిన పాడేరు నర్సరీ ఫోన్ నంబరు దాని మూత మీద ఉంది. తనే చేసి స్పీకర్ పెట్టింది. అవతల సన్యాసిరావు అనే ఆయన ఎత్తాడు.

"ఆకులు రాలిపోనాయా? మరి చలికాలం కదా పాపా, రాల్చీసి పడుకుంటాది. దాని ఒంటికదే రివాజు."

"చచ్చిపోలేదా అంకుల్?"

"ఎందుకు చచ్చిపోద్ది? పుల్ల గట్టిగుందా, మెత్తగుందా?"

"గట్టిగానే ఉంది."

"అయితే నీళ్ళు ఆపీయండి. ఆకొచ్చిందాకా పోయకండి. లైటెట్టి లేపీకండి. అలా దాని మానాన ఒగ్గీస్తే ఆ ఉత్త పుల్లకే మాఘమాసం దాటాక పువ్వులొచ్చేస్తాయి. నీళ్ళు పోసినోల్లదే పాడైపోద్ది." పెట్టేసేముందు అడిగాడు, "ఇంతకీ అన్ని మొక్కలు ఏటి సేస్తన్నారమ్మా మీ బళ్ళో?"

హర్షి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

మరునాడు ఆయన మాటలన్నీ కాగితం మీద రాసుకుని మళ్ళీ డీన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన శ్రద్ధగా చదివి, కాగితం నాకే తిరిగిచ్చారు.

"రెస్ట్ అంటున్నాడాయన. మా సంస్థలో రెస్ట్ అనే కాన్సెప్ట్ లేదు మేడమ్."

"మొక్క స్వభావం సార్ అది."

"స్వభావాన్ని మార్చడానికే కదా మేమున్నది? లేకపోతే అది అడవిలోనే ఉండొచ్చుగా!"

ఆకులు రాలడం అప్పటికి మిగతా మొక్కల్లో కూడా మొదలైంది. యాజమాన్యం అత్యవసర సమావేశం జరిపి ఇంటెన్సివ్ కోచింగ్ ప్రకటించింది. రోజుకి రెండుసార్లు పోసే నీళ్ళు ఆరుసార్లు చేశారు. ఎరువు రెండింతలు, లైట్లు ఇరవై నాలుగు గంటలు. చెక్క మీద నీళ్ళు నిలవడం లేదని ఇంకా ఆకులున్న మొక్కలన్నిటినీ కుండీల్లోకి మార్చి, మట్టి వేసి, గట్టిగా నొక్కారు. మట్టి లేకుండా బతుకుతుందన్న ముచ్చటకే కదా ఇదంతా మొదలైంది అని ఒక తండ్రి మీటింగులో లేచి అన్నాడట. ఆయన్ని కూర్చోబెట్టారు.

మొత్తం ఆకులన్నీ ముందే రాల్చేసుకున్న ముప్పై ఏడు మొక్కల మీద మాత్రం యాజమాన్యం ఆశ వదులుకుంది. వాటి మీద పెట్టే ఎరువు దండగని రికార్డుల్లో 'డ్రాపౌట్లు' అని రాసి, జనరేటర్ షెడ్డు వెనకాల కంచె తీగలకి తగిలించారు. మా హర్షిది అందులో మూడోది. సీ సెక్షను కిటికీ ఆ షెడ్డు వైపే ఉంటుంది. కాబట్టి బడి వాళ్ళు నా కూతురికి చేసిన ఒకే ఒక్క మేలు ఆ సెక్షనుకి మార్చడం.

మొదటిరోజే అది మస్తాన్‌ని బతిమాలింది.

"తాతా, వాటికి నీళ్ళు పొయ్యొద్దు!"

"నేనెందుకు పోస్తానమ్మా? నా డ్యూటీలో లేదు అది" అన్నాడు మస్తాన్.

రెండు నెలలు అతను తన డ్యూటీ నూటికి నూరుపాళ్ళు చేశాడు.

ఫిబ్రవరి మూడో వారానికి సూపర్ బ్యాచ్ గదిలోంచి కుళ్ళిన ఉల్లిపాయల వాసన రావడం మొదలైంది. పుల్లలు వేలితో తాకితే మెత్తగా జావలా దిగిపోతున్నాయి. "సూపర్ బ్యాచ్‌లో స్వల్ప స్థాయిలో కాడల పటుత్వ లోపం గమనించబడినది. తల్లులు ఆందోళన చెందవలదు" అని సర్క్యులర్ వచ్చింది. అదే రోజు సాయంత్రం ప్రతి తల్లికీ ఫోన్ కూడా వచ్చింది, ఆందోళన చెందమని. వార్షికోత్సవానికి ఎనిమిది రోజులుంది. ఎలాగైనా సరే, పువ్వు కనిపించాలి.

కోటేశ్వరి బజారులో ఎదురైంది. చేతిసంచిలోంచి ఊదారంగు పువ్వు తీసి నా ముక్కు కింద పెట్టింది.

"ప్లాస్టిక్‌ది కాదక్కా, గుడ్డది. సన్న తీగతో కట్టుకోమన్నారు. తొమ్మిదో వరస నించి వెనకాల ఎవరికీ తెలీదంట."

"మొక్కే లేదు కదా కోటేశ్వరీ, దేనికి కడతావు?"

"కుండీలో పుల్ల గుచ్చుతా" అంది. ఆ మాట అంటూ తనే నవ్వబోయి, మళ్ళీ ఎవరైనా వింటారేమోనని ఆగిపోయింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు హర్షి అన్నం తింటూ తనలో తాను నవ్వుకోవడం చూశాను. ఏమిటే అంటే ఏం లేదంది. మూడోరోజు రాత్రి పక్కలో చెవి దగ్గరికొచ్చి చెప్పింది. ఉత్త పుల్ల కణుపుల దగ్గర ముందు గోధుమగింజల్లాంటివి వచ్చాయట. ఇప్పుడవి మొగ్గలు. పదకొండు.

"ఎవరికీ చెప్పొద్దమ్మా. తెలిస్తే తీసేసుకుంటరు."

చెప్పలేదు. కానీ పువ్వుకి నోరు కట్టలేం. పదకొండూ ఒక్కరోజే విచ్చుకున్నాయి, లేత ఊదారంగులో, మధ్యలో మీగడరంగు దొన్నెతో. కంచె మీద మిగతావాటికి ఇంకా కణుపులే ఉబ్బుతున్నాయి. డీజిలు పోయడానికి వెళ్ళిన ఎలక్ట్రీషియన్ చూశాడు. పది నిమిషాల్లో డీన్ గారు, గంటలో ఛైర్మన్ గారు జనరేటర్ షెడ్డు వెనక్కి వచ్చారు. అంతకుముందు అటు వచ్చిన అధికారి ఎవరూ లేరు.

తెల్లారేసరికి ఊళ్ళో నాలుగు కూడళ్ళలో ఫ్లెక్సీలు లేచాయి. "శిఖరాగ్ర సూపర్ బ్యాచ్ ప్రభంజనం! ఒకటి, ఒకటి, ఒకటి! ఒకే కాడకు పదకొండు పుష్పాలు!" మధ్యలో మొక్క ఫోటో, దాని కింద హాల్ టికెట్ నంబరు, కుడివైపు ఛైర్మన్ గారు, ఎడమవైపు డీన్ గారు. మా అమ్మాయి ఫోటో వెయ్యడానికి చోటు సరిపోలేదన్నారు.

వార్షికోత్సవం నాడు మాత్రం స్టేజీ మీదికి పిలిచారు. వెల్వెట్ గుడ్డ పరిచిన బల్ల మీద మొక్క, పక్కన మైకు ముందు మా పిల్ల. ఛైర్మన్ గారే అడిగారు.

"చెప్పమ్మా! ఈ విజయం వెనక రోజుకి ఎన్ని గంటల కృషి ఉంది?"

"ఏం లేదు సార్."

హాలంతా నవ్వింది. వినయం అనుకున్నారు.

"భయపడకుండా చెప్పు తల్లీ. నువ్వేం చేశావు? మా స్టాఫ్ ఏం చేశారు?"

"ఎవ్వరం ఏం చెయ్యలేదు సార్. వదిలేశారు. నీళ్ళు కూడా పొయ్యలేదు. ఎవరూ పట్టించుకోకపోబట్టి పూసింది."

డీన్ గారి ముఖం పాలిపోయింది. ఛైర్మన్ గారి ముఖం మాత్రం వెలిగిపోయింది. అరకు హోటలు వరండాలో కూడా ఇలాగే వెలిగి ఉంటుంది. ఆయన మైకు అందుకున్నారు.

"విన్నారా! ఎవరూ పట్టించుకోలేదు! అదీ రహస్యం! వచ్చే విద్యాసంవత్సరం నుంచి మన అన్ని బ్రాంచీల్లో ప్రణాళికాబద్ధ నిర్లక్ష్యం అనే కోర్సును ప్రవేశపెడుతున్నాం! మొక్కలకే కాదు, పిల్లలకు కూడా! సుశిక్షితులైన అధ్యాపకులచే, నిరంతర పర్యవేక్షణలో, రోజుకి పద్నాలుగు గంటల నిర్లక్ష్యం!"

చప్పట్లు మోగాయి. నా ముందు వరసలో తల్లులు లేచి నిలబడి కొట్టారు. కోటేశ్వరి నా భుజం తట్టి, "ముందే చెప్తే మేమూ పట్టించుకోకుండా ఉండేవాళ్ళం కదక్కా" అంది నిష్ఠూరంగా. హాలు బయట అప్పటికే బల్ల వేసి దరఖాస్తులు ఇస్తున్నారు. నిర్లక్ష్యంలో సూపర్ బ్యాచ్‌కి సీట్లు పరిమితమట.

మరునాడు పొద్దున్నే వేరే విద్యాసంస్థ నుంచి ఫోన్ వచ్చింది. "మీ ఫస్ట్ ర్యాంకర్‌ని మా దగ్గరికి షిఫ్ట్ చేస్తే అన్నీ ఉచితం మేడమ్. ఏసీ, స్పెషల్ ట్యూటర్, అన్నీ."

"మా పాపకా అండీ?"

"మొక్కకండీ. పాపని కూడా అడ్జస్ట్ చేస్తాం లెండి."

ఫోను పెట్టేసి, టీసీ దరఖాస్తు రాసి, హర్షిని వెంటబెట్టుకుని డీన్ గారి దగ్గరికి వెళ్ళాను.

"పాపని తీసుకెళ్ళండి మేడమ్, నో అబ్జెక్షన్. రేపే టీసీ రెడీ చేయిస్తా" అన్నారాయన. "మొక్కను మాత్రం రిలీవ్ చెయ్యలేం. అది మా స్టేట్ ఫస్ట్. పదకొండు బ్రాంచీలూ తిరగాలి. అడ్మిషన్ల సీజన్ కదా!"

"అది మా అమ్మాయిది సార్."

"మీ అమ్మాయిది ఎలా అవుతుంది? మీ అమ్మాయి ఏమీ చెయ్యలేదని తనే మైకులో చెప్పింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చిందల్లా అనబోతుంటే హర్షి నా చీరకొంగు లాగింది. బయటికొచ్చాక మెట్ల మీద చెప్పింది.

"ఊరుకో అమ్మా. టీసీ ఇప్పుడొద్దు. ఇంకో రెండు వారాలు ఇక్కడే వస్తా."

"ఎందుకే?"

"పువ్వులు పన్నెండు రోజులే ఉంటయ్యంట, సన్యాసిరావు అంకుల్ చెప్పాడు. రాలిపోతే మళ్ళా ఉత్త పుల్లలే కదా. వాళ్ళే పారేస్తరు."

పన్నెండేళ్ళ పిల్ల ఆ బడిని అర్థం చేసుకున్నంత బాగా నేను ఏడేళ్ళు ఫీజు కట్టి కూడా అర్థం చేసుకోలేకపోయాను.

మొక్క కారులో తిరిగింది. తెనాలిలో సన్మానం, నరసరావుపేటలో సన్మానం. పదో రోజు నాలుగు పువ్వులు రాలాయని, సత్తెనపల్లి బ్రాంచిలో ఏడింటితోనే సభ జరిపారని గ్రూపులో ఫోటోలు వచ్చాయి. పదమూడో రోజు ఫోటోలు లేవు. పదిహేనో రోజు మస్తాన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ పాప నంబరున్న చెక్క చెత్తబండి దగ్గర పడేసున్నారు. పుల్లలేగా, పొమ్మన్నారు. వస్తే ఇస్తా."

ఆ పూటే వెళ్ళాం. ఆఫీసులో టీసీ తీసుకున్నాను. క్లర్కు ఎవరి టీసీ, ఎందుకు అని కూడా అడగలేదు. కొత్త కోర్సు అప్పుడే మొదలైనట్టుంది. హర్షి చెత్తబండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెక్క తిప్పి చూసింది. వేళ్ళు రెండు తెగాయి. పుల్లలు గట్టిగానే ఉన్నాయి. మొదలు దగ్గర, పీచులోంచి బియ్యపుగింజంత పచ్చటి మొలక ఒకటి పైకి వస్తోంది. నాకు చూపించి, మళ్ళీ ఎవరైనా కొలుస్తారేమోనన్నట్టు చేత్తో కప్పేసింది.

గేటు దగ్గర మస్తాన్ కర్ర అడ్డం పెట్టాడు.

"పాస్ ఏదమ్మా?"

"మొక్కకి పాస్ ఏందయ్యా, నువ్వే కదా రమ్మన్నావు?"

"మొక్కకి అక్కర్లేదు. దాన్ని చెత్త కింద రాసేశారు, ఎటన్నా పోవచ్చు. పాపకి కావాల. బడి టైములో పిల్లల్ని బయటికి పంపాలంటే డీన్ గారి సంతకం ఉండాల."

"టీసీయే ఇచ్చేశారు కదా!"

"టీసీ ఆఫీసు కాయితం. గేటుకి గేటు కాయితం కావాలమ్మా. నా డ్యూటీ ఇది."

"సరే, డీన్ గారెక్కడున్నారు?"

"లోపల ట్రైనింగులో ఉన్నారు. ఎవరొచ్చినా పట్టించుకోకుండా ఎట్టా కూర్చోవాలో సార్లకి నేర్పిస్తన్నారు. ఎంత పిలిచినా పలకట్లా."

హర్షి ఒక్క క్షణం ఆలోచించి, గేటు ఊచల సందులోంచి చెక్కను మస్తాన్ చేతికి అందించింది.

"దీన్ని మా స్కూటీ అద్దానికి తగిలించు తాతా. ఎండ పడకుండా, నీడవైపు."

అతను తీసుకెళ్ళి తగిలించాడు. మొక్క బయట గాలికి మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. మేమిద్దరం లోపల, గేటుకి ఇవతల నిలబడి, డీన్ గారు ఎప్పుడు పట్టించుకుంటారా అని చూస్తున్నాం.